గోలు కంటే ముందు గోల

బుసియా ఒకే ఊరు. దేశాలే రెండు.
మురుగు కాలవకి ఇవతల నేను, ఉగాండా.
అవతల మా చెల్లెలు తాకా, కెన్యా.
అది చేపలు వేయిస్తే
నా పిల్లి చెవులు నిక్కబొడుచుకుంటుంది,
అంత దూరం.
పెళ్ళినాడు ఇంటిపేరుతో పాటు
జట్టునీ మార్చుకుంది.
ఇంటిపేరు సంగతి మా అమ్మ మరిచిపోయింది.
జట్టు సంగతి నేను మరవలేదు.

మామూలు రోజుల్లో మాకేం తగువు లేదు.
నా గుడ్లు సైకిలెక్కి అటు వెళతాయి,
అట్టకి ముప్ఫై, అట్ట మీద అట్ట.
దాని సబ్బులు ఇటు వస్తాయి.
గేటు దగ్గర జవాను
ఒక చెయ్యి చాపి ఆపుతాడు,
రెండో చెయ్యి చాపి పంపుతాడు.

కానీ కొంగలకీ చుక్కలకీ ఆట ఉన్న రోజు
(కొంగ మా చొక్కా మీద, చుక్కలు వాళ్ళ పేరులో)
పొరుగింటి పుల్లకూర రుచే గానీ
పొరుగింటి గోలు గొంతు దిగదు.

నా రేకుల షెడ్డులో టీవీ ఉంది,
తలకి అయిదు వందల షిల్లింగులు.
దాని బొమ్మ డిష్షులోంచి రావాలి,
ఆకాశం దాకా పోయి, ఊపిరి తీసుకుని, దిగి రావాలి.
చెల్లెలి హోటల్లో పాతకాలపు ఏంటెనా.
బంతి వాళ్ళకి ముందు అందుతుంది,
మాకు ఆరు సెకన్ల తరవాత.
అంచేత ఈ గట్టున
గోలు కంటే ముందు గోల వస్తుంది.

మా కుర్రాడు ఇంకా పరిగెడుతూనే ఉంటాడు,
కాలవ అవతల "అయ్యో" అంటారు,
మేము బెంచీలెక్కి గంతులేస్తాం
ఇంకా పడని గోలుకి.
వాళ్ళు ఈలలేశారా,
మా గోలీ ఎంత చేతులు చాచి నిలబడినా
వాడి పని అయిపోయిందని మాకు తెలుసు.
వాడికే తెలియదు, పాపం.
ముసలి ఎగెస్సా అయితే డబ్బులిచ్చి మరీ
తెరకి వీపు పెట్టి కూర్చుంటాడు.
"బొమ్మ అబద్ధమాడొచ్చు,
పొరుగువాడి ఏడుపు ఆడదు."

ఆ ఆదివారం ఒకటి, ఒకటి.
ఎనభై తొమ్మిదో నిమిషం. పెనాల్టీ. వాళ్ళకి.
తెర వదిలేసి చెవులొగ్గాం.

ఏమీ లేదు.

పడితే డప్పులు మోగాలి.
తప్పితే తిట్లు వినపడాలి,
స్వాహిలీలో సగం, సామియాలో సగం.
తెర మీద రిఫరీ చుట్టూ ఇంకా మూగి ఉన్నారు,
అటుపక్క మాత్రం
నూతిలో రాయి పడి శబ్దం రానట్టు ఉంది.
ఎగెస్సా మెల్లిగా తెర వైపు తిరిగాడు.

అప్పుడు చెప్పుల చప్పుడు.
కాలవ మీద పలక దాటి
చీకట్లోంచి వస్తున్నారు, ఎర్రా పచ్చా చొక్కాలు,
నలభై మంది. ముందు మా చెల్లెలు, చేతిలో గరిటె.
"కరెంటు పోయింది. జరుగు, బ్వీరే."
కాగితాలడిగేవాడు లేడు.
జవాను కూడా వాళ్ళ వెనకే ఉన్నాడు.

బెంచీ మీద నాకూ ముసలాడికీ మధ్య ఇరుక్కుంది.
ఒకే దుప్పటిలో పడుకున్నప్పుడు
నా డొక్కలో పొడిచిన మోచెయ్యే, అక్కడే పొడిచింది.
రిఫరీ ఈల వేశాడు.
ఊరు మొత్తంలో ఎవరికీ
ఏమవుతుందో ముందు తెలియదు.
మా గోలీ కుడికి పడ్డాడు.
బంతి ఎడమకి వెళ్ళింది.

నా షెడ్డులో, నా బెంచీ మీద, నా చెవిలో
మా అమ్మ భాషలో అరిచింది నా చెల్లెలు.
గరిటె నా నెత్తికి తగిలింది.
కావాలనే అని ఇప్పటికీ అంటాను.

నలభై మంది, తలకి అయిదు వందలు.
ఒక్కడూ ఇవ్వలేదు.
"రెండు నిమిషాల ఆటకి డబ్బులా?" అన్నాడు జవాను,
ఖాళీ చెయ్యి అలవాటుగా చాపి.

మంగళవారం దాకా మాటల్లేవు.
బుధవారం గుడ్లు పంపాను.
లెక్కపెట్టుకుని
ఒకటి వెనక్కి పంపింది, చిట్లిందని.
చిట్లలేదు. దీపం దగ్గర పెట్టి చూశాను.
పెంకు మీద బొగ్గుతో రాసి ఉంది:
రెండు, ఒకటి.